మహమ్మారి వేళ నగర పాలకుల చేత లెక్క చెప్పించడం ఎలా

2020 మార్చి 15న ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఎన్నికలు వాయిదా పడినప్పుడు విశాఖపట్నంలో నిలదీయడానికి మేయరూ లేరు, కార్పొరేటరూ లేరు. 2012లో పాలకమండలి గడువు ముగిసింది మొదలు ఆ నగరం ప్రత్యేకాధికారి పాలనలోనే ఉంటూ వచ్చింది. 98 వార్డుల ప్రజలు ఓటు వేసింది 2021 మార్చి 10న, అంటే కరోనా మొదటి దశ గడిచిపోయి, సెకండ్ వేవ్ మరికొన్ని వారాల్లో విరుచుకుపడబోతున్నప్పుడు. హైదరాబాద్‌లో అప్పట్లో 150 మంది కార్పొరేటర్లు ఉన్నా, చెత్తబండి రాని బస్తీవాడికి ఎవరిని అడగాలో తెలియకపోవడం అక్కడా ఉన్నదే. పాలకమండలి ఉన్నా లేకున్నా జవాబు రాబట్టే దారి ఒక్కటే: లెక్కపెట్టి చూడగలిగే ప్రశ్నను, అది చేరవలసిన అధికారికే, తేదీ వేసి కాగితం మీద ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

ముందుగా ఏ పని ఎవరిదో తేల్చుకోండి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను పట్టణ సంస్థలకు ఉద్దేశించింది. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, నీటి సరఫరా, శ్మశానాలు అందులోనివే. అయితే షెడ్యూలులో ఉన్నంత మాత్రాన అన్నీ కార్పొరేషన్ చేతిలో ఉన్నాయనుకుంటే పొరపాటు. విశాఖలో కుళాయి నీరు కార్పొరేషన్ బాధ్యత కాగా, హైదరాబాద్‌లో అది జలమండలి పని. విశాఖలోని కేజీహెచ్, హైదరాబాద్‌లోని గాంధీ వంటి పెద్దాసుపత్రులు రాష్ట్ర ప్రభుత్వానివి కాబట్టి అక్కడి పడకల గురించి మేయర్‌ను అడిగితే ఆయన సునాయాసంగా తప్పుకుంటారు. కట్టడి ప్రాంతాల (కంటైన్‌మెంట్ జోన్ల) విషయం చాలావరకు విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా కలెక్టరు చూస్తారు. చెత్త సేకరణ, వీధుల శుభ్రత, శ్మశానవాటికల నిర్వహణ, జనన మరణాల నమోదు మాత్రం కార్పొరేషన్ తప్పించుకోలేని పనులు. మీ ప్రశ్నలు ముందు వీటి మీద పెట్టండి.

కార్పొరేషన్ లోపల కూడా రెండు కుర్చీలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. మన నగరపాలక చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. బడ్జెట్టు, విధానం పాలకమండలివి, స్టాండింగ్ కమిటీవి. అందుకే ప్రజాప్రతినిధి "అధికారులకు చెప్పాను" అంటారు, అధికారి "నిధులు మంజూరు కాలేదు" అంటారు, మనం మధ్యలో తిరుగుతాం. దీనికి విరుగుడుగా ఒకే అర్జీని ఒకే తేదీన ఇద్దరికీ ఇచ్చి, ఎవరెవరికి పంపామో రెండు ప్రతుల మీదా రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మొదట వార్డు సచివాలయంలోని ఆరోగ్య కార్యదర్శికి, పారిశుద్ధ్య కార్యదర్శికి, ఆపైన జోనల్ కమిషనర్‌కు ఇవ్వాలి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, దాన్ని వదులుకోకండి.

రెండో పని నోటు పుస్తకం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, నా అనుభవంలో దీన్ని మించిన ఆయుధం లేదు. కరోనా కట్టడికని మా వీధి చివర వెదురు బొంగులు అడ్డంగా కట్టినప్పుడు నీళ్ల ట్యాంకరు లోపలికి రాలేక మలుపు దగ్గరే ఆగిపోయేది. ఆడవాళ్లు బొంగుల కింద నుంచి బిందెలు అవతలికి తోసి, పైపు అందినంత మేర పట్టుకునేవారు. మొదటి నాలుగు రోజులు ఫోన్లు చేసి అరిచాం, ఎవరూ పట్టించుకోలేదు. అయిదో రోజు నుంచి పక్కింటి ఇంటర్ అమ్మాయి ఒక పుస్తకంలో గీతలు కొట్టి తేదీ, ట్యాంకరు వచ్చిన వేళ, నిలిచిన నిమిషాలు, నీళ్లు దొరకని ఇళ్ల సంఖ్య రాయడం మొదలుపెట్టింది. ఆ పేజీ నకలును అర్జీకి జతచేసిన తరువాత అధికారి మాట తీరు మారింది, ఎందుకంటే "నీళ్లు సక్రమంగా ఇస్తున్నాం" అనే వాక్యం ఆ పేజీ ముందు నిలబడలేదు. మరో రెండు రోజులకు ఒక పక్క బొంగులు విప్పి ట్యాంకరుకు దారి ఇచ్చారు.

అర్జీ భాషలో ఆవేదన ఒక వాక్యానికి మించకూడదు. "మా వార్డును గాలికి వదిలేశారు" అని రాస్తే "తగు చర్యలు తీసుకొనబడును" అనే జవాబే వస్తుంది. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా వార్డుకు కేటాయించిన పారిశుద్ధ్య కార్మికులు ఎందరు, రోజువారీ హాజరు ఎంత, వారికి ఇచ్చిన గ్లౌజులు, మాస్కులు ఎన్ని" అని రాస్తే జవాబు అంకెల్లో రావాలి. ఆ కార్మికులనే అడిగి చూసుకుంటే నిజం ఎంతో తెలుస్తుంది. కోపాన్ని వారి మీద చూపకండి. చేతికి గ్లౌజు లేకుండా క్వారంటైన్ ఇంటి చెత్త ఎత్తిన మనిషి మీ సాక్షి, మీ ప్రతివాది కాదు. అర్జీ ఇచ్చాక ఇన్‌వార్డ్ నంబరు (అర్జీ అందినట్టు కార్యాలయం వేసే సంఖ్య), ముద్ర ఉన్న నకలు చేతికి వచ్చేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలవద్దు.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల కోర్టు ఫీ స్టాంపు లేదా పోస్టల్ ఆర్డర్‌తో ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. ఈ రెండో గడువును కోరేవారు, ఎవరి ప్రాణానికి ఎలా సంబంధమో మొదటి వాక్యంలోనే రాయాలి, లేకుంటే మామూలు దరఖాస్తుగా పక్కన పడేస్తారు. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, అభిప్రాయాలు చెప్పవలసిన బాధ్యత ఆ అధికారికి లేదు. రిజిస్టరు నకలు, బిల్లు నకలు, ఉత్తర్వు నకలు అడగండి. గడువు దాటితే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడవచ్చు.

అన్నిటికంటే గట్టిగా పట్టుకోవలసింది చావుల లెక్క. 2021 ఏప్రిల్, మే నెలల్లో దేశంలోని ఎన్నో నగరాల్లో శ్మశానాల దగ్గర కనిపించిన చితులకూ, సాయంత్రం బులెటిన్‌లో వచ్చిన సంఖ్యకూ పొంతన లేకపోయింది. మరణం దాచబడితే ఆ ఇంటికి దక్కవలసినదీ దక్కదు. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఇచ్చిన తీర్పు తరువాత ఒక్కో మృతుని కుటుంబానికి 50,000 రూపాయల పరిహారం నిర్ణయమైంది. దాన్ని పొందడానికి మరణ కారణం చెప్పే కాగితం కావలసి వచ్చింది. కనుక మీ నగరంలోని ప్రతి శ్మశానవాటికలో ఆ నెలల్లో జరిగిన దహనాలు, ఖననాల రిజిస్టరు వివరాలను, అవే నెలల్లో కార్పొరేషన్ నమోదు చేసిన మొత్తం మరణాలను, అంతకుముందు రెండేళ్ల అవే నెలల సంఖ్యలను అడిగి పక్కపక్కన పెట్టండి. మృతుల పేర్లు, చిరునామాలు అడగవద్దు. సంఖ్యలు చాలు, ఆ కుటుంబాల గోప్యత మనకంటే వారికే ముఖ్యం.

సోషల్ మీడియాలో ఫిర్యాదు పెట్టడానికి భయపడేవారు ఒకటి తెలుసుకోవాలి: ఆక్సిజన్ కోసం, పడక కోసం మొరపెట్టుకునే పౌరులను వేధించకూడదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 30న స్పష్టంగా చెప్పింది. అయితే విపత్తు నిర్వహణ చట్టంలో తప్పుడు హెచ్చరికలకు శిక్ష ఉంది కాబట్టి, మీరు స్వయంగా చూసినదాన్నే తేదీతో, ఫోటోతో పెట్టండి, వాట్సాప్‌లో వచ్చినదాన్ని ముందుకు తోయకండి.

కోర్టు చివరి మెట్టు. 2020లో పరీక్షలు తక్కువగా చేస్తున్నారని, బులెటిన్లలో వివరాలు ఉండడం లేదని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని పదే పదే నిలదీసింది. అటువంటి వ్యాజ్యం వేసే న్యాయవాది మొట్టమొదట అడిగేది మీ ఇన్‌వార్డ్ నంబర్లు, సమాచార హక్కు జవాబులు, ఆ నోటు పుస్తకమే.

కేసులు తగ్గుముఖం పట్టిన వారంలోనే ఇంకో దరఖాస్తు వేయండి: అత్యవసరం పేరుతో టెండర్లు లేకుండా కొన్న హైపోక్లోరైట్ (క్రిమిసంహారక ద్రావణం), పీపీఈ కిట్లు, అద్దె వాహనాల బిల్లులు, చెల్లింపు తేదీలు, స్టాండింగ్ కమిటీ తీర్మానాల నకళ్లు కావాలని. ఆ కాగితాలు చేతికొచ్చాక మీ వార్డు కార్పొరేటర్‌కు ఒక నకలు ఇచ్చి, వచ్చే కౌన్సిల్ సమావేశంలో ప్రశ్నగా వేయమని కోరండి. ఆ సమావేశపు మినిట్స్ (చర్చల నమోదు) నకలు కూడా అదే పది రూపాయలతో అడగవచ్చు.