దిగులుకు పనుల పట్టీ: బిహేవియరల్ యాక్టివేషన్‌ను పుస్తకం నుంచి చేతల్లోకి తెచ్చుకోవడం

కౌన్సెలింగ్ నేర్చుకునేవాళ్ళ బీరువాలో సగం చదివి వదిలేసిన పుస్తకాలే ఎక్కువ. ఫ్రాయిడ్ కొంత, సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే చికిత్స) కొంత, మైండ్‌ఫుల్‌నెస్ కొంత. తీరా ఎదుట మనిషి కూర్చుని ఏడుస్తుంటే ఏం అడగాలో తోచదు. అందుకే మొదట ఒక్క పద్ధతిని, ఒక్క మాన్యువల్‌ను పట్టుకుని చివరిదాకా చేసి చూడాలి. డిప్రెషన్‌తో వచ్చేవాళ్ళ కోసం బిహేవియరల్ యాక్టివేషన్‌తో, అంటే మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టించి మనసును తేలికపరిచే పద్ధతితో మొదలుపెట్టమని చెబుతాం.

సైకాలజిస్టు పీటర్ లెవిన్సన్ 1970లలో వేసిన పునాది ఇది. 1996లో నీల్ జేకబ్‌సన్ బృందం కాగ్నిటివ్ థెరపీని విడదీసి పరీక్షించింది. ఆలోచనలను మార్చే భాగం లేకుండా పనుల భాగం ఒక్కటే ఇచ్చినా, మొత్తం థెరపీకి దాదాపు సమానంగా పనిచేసింది. గోవాలో మానసిక ఆరోగ్యంపై పనిచేసే సంగత్ సంస్థ దీన్నే హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రామ్‌గా మలిచి, 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించింది. సెషన్లు నడిపింది సైకాలజీ డిగ్రీ లేని, శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు. 6 నుంచి 8 సెషన్లు, ఒక్కోటి 30–40 నిమిషాలు. ఆ మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. మొదటి పుస్తకంగా అది చాలు.

ఒక హద్దు ముందే గీసుకోండి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఇక్కడ రాస్తున్నది సైకాలజీ విద్యార్థులకు, సోషల్ వర్కర్లకు, నర్సులకు. పైన చూసుకునే సూపర్‌వైజర్ ఒకరు ఉండి తీరాలి. లేనివి వినిపిస్తున్నాయన్నా, గతంలో నిద్రే లేకుండా విపరీతమైన హుషారు వచ్చిందన్నా, మద్యం మానితే చేతులు వణుకుతున్నాయన్నా ముందు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. నీరసం ఒక్కటే పెద్దగా కనిపిస్తే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించమని డాక్టరుకు రాయండి.

మాన్యువల్‌ను మూడుసార్లు చదవండి

మొదటిసారి రెండు విడతల్లో పూర్తి చేయండి, ఏ సెషన్లో ఏం జరుగుతుందో తెలియడానికి.

రెండోసారి పెన్ను పట్టుకుని. కౌన్సెలర్ నోటితో అనాల్సిన ప్రతి వాక్యం కింద గీత గీసి, నోటుబుక్కులో మీ ఊరి మాటల్లో తిరిగి రాయండి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ‘కుంగుబాటు’ అనే మాటను పేపర్లో చదువుతారు గానీ బాధపడే మనిషి దాదాపు అనరు. కోస్తాలో బెంగ, దిగులు అంటారు. తెలంగాణలో ‘రంది పెట్టుకున్నడు’ అంటారు. చాలామంది మనసు ఊసే ఎత్తకుండా తలపోటు, గుండెదడ, ఒళ్ళంతా నీరసం అని మొదలుపెడతారు. కాలేజీ పిల్లలు డిప్రెషన్ అనే అంటారు. ఎదుటివాళ్ళు ఏ మాట వాడితే సెషన్ చివరిదాకా ఆ మాటే వాడండి. ‘యాక్టివిటీ షెడ్యూల్’ను పనుల పట్టీ అనండి. ‘అవాయిడెన్స్’కు తప్పించుకోవడం సరిపోతుంది. మూడ్ అనే మాట అందరికీ తెలుసు, దాన్ని మార్చకండి.

మూడోసారి చదివేటప్పుడు మీ సొంత వారాన్ని పట్టీలో నింపండి. నాలుగో రోజుకే విసుగొస్తుంది. అవతలివాళ్ళకు ఎక్కడ ఆగిపోతుందో అప్పుడు తెలుస్తుంది.

పట్టీ తయారీ

ఏ4 కాగితం అడ్డంగా తిప్పండి. ఏడు రోజులకు ఏడు నిలువు గళ్ళు, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంటకొకటి చొప్పున 16 అడ్డ వరుసలు. ప్రతి గడిలో ఏం చేశారో రెండు మూడు మాటలు, పక్కన మూడ్‌కు 0 నుంచి 10 మధ్య ఒక అంకె. 0 అంటే భరించలేనంత దిగులు, 10 అంటే హాయి. చదువు రానివాళ్ళకు రోజును పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు ముక్కలు చేసి, మొహం బొమ్మల మీద టిక్కు పెట్టమనండి. లేదా ఇంట్లో పిల్లల చేత రాయించండి, ఆ పిల్లలు చదివినా ఫరవాలేదని వాళ్ళు ఒప్పుకుంటేనే.

ఎక్కువగా దెబ్బతినేది రాసే వేళ దగ్గరే. రాత్రి పడుకునే ముందు రోజంతా గుర్తుచేసుకుని నింపితే అన్ని గళ్ళలోనూ 1, 2 వస్తాయి. దిగులులో ఉన్న మనసుకు చేదే ముందు గుర్తొస్తుంది. టిఫిన్ అయ్యాక, భోజనం అయ్యాక, సాయంత్రం టీ తాగాక, నిద్రకు ముందు అని నాలుగుసార్లు రాయమనండి. ‘ఏమీ చేయలేదు’ అన్న గడిని అలాగే వదలకండి. మంచం మీద ఫోన్ చూడటమూ ఒక పనే, పప్పు తిన్న గిన్నె ముందు పెట్టుకుని గోడ వంక చూడటమూ పనే.

ఇలాంటి పట్టీ వచ్చిందనుకోండి. మంగళవారం 11 గంటలకు: ‘పడుకుని ఫోన్, 2’. సాయంత్రం 4కు: ‘పక్కింటావిడకు కరివేపాకు, 4’. కొత్త కౌన్సెలర్లు 2ల గురించి అడుగుతారు. 4 దగ్గర ఆగండి.

‘అమ్మా, నాలుగింటికి నాలుగు వేశారు. అప్పుడేం జరిగింది?’
‘ఏముందమ్మా, కరివేపాకు అడిగితే కోసిచ్చా, అంతే.’
‘కోసిచ్చాక మళ్ళీ పడుకున్నారా?’
‘లేదు, చెట్టు మొదలు ఎండిపోయి ఉంటే రెండు చెంబులు నీళ్ళు పోశా.’

వచ్చే వారం పని ఆ రెండు చెంబుల నీళ్ళే. అది మీరిచ్చిన సలహా కాదు, ఆవిడ పట్టీలో ఆవిడ రాసుకున్నది. ఆవిడ చేసే అవకాశం దానికే ఎక్కువ.

పని పెట్టడం

ఈ చికిత్స లెక్క ఇది: దిగులు వల్ల పనులు మానేస్తాం, మానేయడం వల్ల తృప్తి ఇచ్చేవి తగ్గిపోతాయి, దాంతో దిగులు పెరుగుతుంది. ‘మనసు బాగుపడ్డాక చేస్తాలే’ అన్నచోట చక్రం ఆగదు. మొదట పని, మనసు దాని వెనక వస్తుంది. ఇది మొదటి సెషన్లోనే కాగితం మీద గుండ్రంగా బాణాలు గీసి, వాళ్ళు చెప్పిన సంగతులతోనే నింపి చూపించాలి.

మొదటి వారం ఒకటి, మించితే రెండు పనులు. ఏం, ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, ఎవరితో అన్నవి రాసి ఉండాలి. ‘వాకింగ్ చేస్తాను’ అన్నది పని కాదు. ‘సోమ, బుధ, శుక్ర సాయంత్రం 6కి సందు చివర గుడిదాకా వెళ్ళి రావడం, 10 నిమిషాలు’ అన్నది పని. రోజూ తప్పకుండా జరిగేదానికి ముడిపెడితే ఇంకా మేలు: పాలు కాచాక, పిల్లలు స్కూలు బస్సెక్కాక. రాశాక అడగండి: ‘ఇది చేయగలనని ఎంత నమ్మకం, పదికి?’ 7 కంటే తక్కువ చెబితే పనిని సగం చేయండి. 10 నిమిషాలు 5 అవుతాయి, గుడి కాస్తా వీధి మలుపు అవుతుంది. చిన్నదని సిగ్గుపడకండి. పెద్ద పని పెట్టి తప్పితే ‘నా వల్ల కాదు’ అన్న నమ్మకానికి మన చేత్తో మనమే సాక్ష్యం ఇచ్చినట్టు.

సరదా పనులే ఏరకండి. కట్టాల్సిన కరెంటు బిల్లు, వారం నుంచి ఎత్తని అన్నయ్య ఫోను, మడతపెట్టని బట్టల కుప్ప లాంటివి చేస్తే వచ్చే తృప్తి వేరు. తప్పించుకుంటున్న పని మీదే బరువు ఎక్కువ ఉంటుంది. పని చేస్తూనే లోపల పాత గొడవ నెమరేసుకుంటుంటే మూడ్ అంకె కదలదు. అప్పుడు పనితోపాటు దృష్టిని కూడా రాయండి: నడుస్తూ ఏ ఇంటి ముందు ఏ ముగ్గు ఉందో చూసి రమ్మనండి.

వచ్చే వారం పని చేయకుండా వస్తారు. చాలాసార్లు. మందలించకండి, ‘ఫరవాలేదులే’ అని దాటేయకండి. ఆరింటికి ఎక్కడున్నారు, చెప్పులు వేసుకున్నారా, ఏ క్షణంలో ఆగారు అని అడగండి. వాకిట్లో అత్తగారు ‘ఎక్కడికి?’ అన్న ఒక్క మాటకు ఆగిపోయి ఉండవచ్చు. అయితే వేళ మార్చాలి, లేదా ఆవిడ ఒప్పుకుంటే అత్తగారితో ఒకసారి మాట్లాడాలి. ఇది సోమరితనం కాదనీ, పని చిన్నగా మొదలవడం వైద్యంలో భాగమనీ ఇంట్లోవాళ్ళకు చెప్పకపోతే వాళ్ళే పనిని పెంచేస్తారు. అప్పుల బాధకు పట్టీ మందు కాదు. దానికి సమస్యను ముక్కలు చేసి పరిష్కారాలు రాసుకునే భాగం మాన్యువల్లో వేరే ఉంది, అది వాడండి.

కొలత, ప్రమాదం

ప్రతి సెషన్ పీహెచ్‌క్యూ-9తో, అంటే దిగులు తీవ్రతను కొలిచే ప్రశ్నల పత్రంతో మొదలుపెట్టండి. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 5, 10, 15, 20 దగ్గర తీవ్రత మెట్లు మారతాయి. 5 నిమిషాల పని. 5 పాయింట్లు తగ్గితే అది నిజమైన మార్పు. నాలుగో సెషన్‌కూ ఆ మాత్రం కదలకపోతే సూపర్‌వైజర్‌తో చర్చించి, మందుల కోసం డాక్టరు దగ్గరికి పంపండి.

తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండు, తనను తాను గాయపరచుకోవాలి అనే ఆలోచనల గురించి. అందులో 0 కాక ఏది వచ్చినా మిగతా సెషన్ ఆపి నేరుగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా? దానికి కావలసినవి ఇంట్లో ఉన్నాయా?’ అడిగితే ఆ ఆలోచన పుట్టదు, చాలామందికి ఊరట కలుగుతుంది. పథకం ఉందంటే ఒంటరిగా ఇంటికి పంపకండి. ఇంట్లోవాళ్ళను పిలిపించండి, పురుగుమందు డబ్బాలు ఇంటి నుంచి తీసేయించండి, అదే రోజు ఆసుపత్రికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఈ నంబరు పట్టీ కాగితం అడుగున ముందే అచ్చువేసి ఉంచండి.

సాధన

నిజమైన మనిషి ముందు కూర్చునే లోపు ముగ్గురు కలిసి అభ్యాసం చేయండి: ఒకరు కౌన్సెలర్, ఒకరు బాధితులు, ఒకరు చూసేవాళ్ళు. 20 నిమిషాలు. చూసేవాళ్ళు రెండే లెక్కపెట్టాలి: ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎన్ని సలహాలు ఇచ్చారు. మొదట్లో సలహాలే గెలుస్తాయి, ‘యోగా చేయండి, గుడికి వెళ్ళండి’ అని. పది అభ్యాసాల తర్వాత సలహాలు రెండుకు మించకూడదు. తర్వాత అసలు సెషన్లను రాతపూర్వక అనుమతితో రికార్డు చేసి, పేర్లు తీసేసి, వారానికొకటి తోటివాళ్ళతో వినండి. గోవాలో కౌన్సెలర్లు ఒకరి రికార్డింగ్‌కు ఒకరు మార్కులు వేసుకునే పద్ధతి పెట్టుకున్నారు. సూపర్‌వైజర్ ఒక్కరే చెప్పడం కంటే తోటివాళ్ళ మాట త్వరగా ఎక్కుతుంది.

చివరి సెషన్లో పట్టీలన్నీ బల్ల మీద వరసగా పరిచి, ఏ పనులు అంకెను పెంచాయో వాళ్ళ చేతే గుర్తు పెట్టించండి. వాటిలో మూడింటిని, మళ్ళీ దిగులు మొదలవుతోందని చెప్పే రెండు గుర్తులను ఒక చీటీ మీద రాయించి బీరువా తలుపు లోపల అతికించమనండి. నెల తర్వాత ఫోన్ చేసే తేదీ ఆ చీటీ మీదే వేయండి.