మొటిమలకు అడాపలీన్ జెల్ రాసిచ్చారా?

ఈ జెల్‌ని చాలామంది మొటిమ మీద చుక్కలా పెడతారు. అలా కాదు. మొటిమలు వచ్చే చోటంతా పలుచగా రాయాలి, ఎందుకంటే ఇది కొత్తవి పుట్టకుండా కూడా చూస్తుంది. ముఖం మొత్తానికి బఠానీ గింజంత చాలు. ఎక్కువ రాస్తే తొందరగా తగ్గవు, చర్మం మండి పొట్టు లేస్తుంది, అంతే.

రాత్రి ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక రాయండి. కళ్ల చుట్టూ, పెదవుల మూలలు, ముక్కు పక్క మడతలు వదిలేయండి. బాగా మండుతుంటే డాక్టర్‌ని అడిగి రోజు విడిచి రోజు రాయొచ్చు. పైన మామూలు మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. రాసే చోట వ్యాక్సింగ్ వద్దు, చర్మం ఊడొస్తుంది.

మొదటి వారాల్లో మొటిమలు పెరిగినట్టు కనిపిస్తే టెన్షన్ పడి మానేయకండి. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోగా ఎవరో చెప్పారని మందుల షాపులో స్టెరాయిడ్ క్రీమ్ కొని మాత్రం దయచేసి రాయకండి. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.