ఒక్క నియమం మార్చి, ఇద్దరు మనుషుల మధ్య పెట్టి చూడండి

స్పెక్యులేటివ్ ఫిక్షన్‌లో, అంటే మనకు తెలిసిన లోకం వేరేలా ఉంటే ఏమవుతుందో ఊహించే కథల్లో, రాజకీయం చర్చించాలనుకునే కొత్త రచయితలు చాలామంది ముందుగా ఒక నియంతను, ఒక జెండాను, ఒక తిరుగుబాటు దళాన్ని సిద్ధం చేసుకుంటారు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. మనకు తెలిసిన లోకంలో ఒకే ఒక్క నియమాన్ని మార్చి, ఆ మార్పు బాగా దగ్గరివాళ్ళయిన ఇద్దరి మధ్య ఏం చేస్తుందో గమనించడంతో పని మొదలుపెట్టండి.

మార్చే నియమం, నిజ జీవితంలో అందరూ సహజమని వదిలేసినదై ఉండాలి. బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక ఇంగ్లీషు పత్రికలో వచ్చింది. ఆమె అందులో పరదాను రద్దు చేయలేదు, తలకిందులు చేశారు: స్త్రీలు రాజ్యం ఏలుతుంటే పురుషులు లోపలి గదుల్లో ఉంటారు. పిచ్చివాళ్ళను బయట తిరగనిచ్చి, మతి స్థిమితం ఉన్నవాళ్ళను బంధించడం ఏం తెలివి అని ఒక పాత్ర అడిగినప్పుడు, చదివేవారికి తమ ఇల్లే కొత్తగా కనిపిస్తుంది.

నియమం దొరికాక దాన్ని సభల్లోనూ ప్రకటనల్లోనూ కాక, బంధంలో పరీక్షించాలి. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1969 నాటి నవల ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’లో స్థిరమైన స్త్రీ పురుష భేదం లేని మనుషుల గ్రహాన్ని ఊహించారు. అక్కడి రాజ్యాల పోటీ గురించి ఆమె చాలానే రాశారు గానీ, నాకు గుర్తుండిపోయింది మాత్రం రాయబారిగా వచ్చిన పరాయివాడూ, దేశద్రోహిగా ముద్రపడిన మంత్రీ మంచు మైదానం దాటుతూ ఒకే గుడారంలో గడిపిన రోజులు. అపనమ్మకం కరగడానికి అంత ఇరుకు చోటు అవసరమైంది.

మీ కథకు ఇలాంటి ఇరుకు చోటు వెతకండి. ఉదాహరణకు, అప్పు తీర్చలేనివారు తమ జ్ఞాపకాలను ప్రభుత్వానికి జమ చేయాలన్న చట్టం ఉందనుకుందాం. ఆ చట్టం ఎప్పుడు వచ్చిందో, ఎవరు ఓటు వేశారో వివరిస్తూ రెండు పేజీలు రాయవచ్చు. అయితే పాఠకుడు రెండో పేజీకి రాడు. దానికి బదులు, చెల్లెలు "అక్కా, పోయే ముందు అమ్మ ఏమందో గుర్తుందా?" అని అడిగితే, అక్క కాసేపు ఊరుకుని, పెట్టె తెరిచి, ఆ సంవత్సరపు జ్ఞాపకాలు జమ చేసుకుని ప్రభుత్వం ఇచ్చిన రసీదు తీసి చేతిలో పెడుతుంది. రసీదు మీద చెల్లెలి చదువు ఫీజుకు సరిపడే మొత్తమే ఉంటుంది. ఇక చట్టం క్రూరమైనదని రచయిత వేరే చెప్పనక్కరలేదు, పైగా ఆ ఇద్దరిలో ఎవరికి ఎవరు రుణపడ్డారన్న చిక్కు కూడా అక్కడే పుడుతుంది.

దృశ్యం రాసే ముందు నాకు నేను వేసుకునే ప్రశ్నలు కొన్నే: ఈ నియమం వల్ల ఎవరికి లాభం, దాని భారం ఎవరిది, అమలు చేసే చిన్న ఉద్యోగి ఇంటికి వెళ్ళి తన వాళ్ళకు ఏమని చెప్పుకుంటాడు? మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు, అందుకే వారి కథల్లో ప్రభుత్వం ముఖం లేని రాక్షసిలా మిగిలిపోతుంది. 1949లో వచ్చిన ఆర్వెల్ నవల ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’లో కూడా పార్టీ గెలుపు సంపూర్ణమయ్యేది, తనకు బదులు ప్రియురాలిని హింసించమని కథానాయకుడు వేడుకున్నప్పుడే.

నేటి నాయకుడి పేరు మార్చి పాత్రగా నిలబెట్టే పని మాత్రం పెట్టుకోకండి. పాఠకుడు ఆ పోలికను కనిపెట్టి నవ్వుకుంటాడు, కనిపెట్టాక చదవడానికి కారణం మిగలదు.

చిత్తుప్రతి పూర్తయ్యాక, ఊహించిన నియమాన్ని తీసేసి కథ మళ్ళీ చదవండి. పాత్రల గొడవ అలాగే నిలబడితే నియమం కేవలం అలంకారమన్నమాట; దాన్ని మార్చండి. నియమం అర్థమవుతూ గొడవ మాత్రం కనబడకపోతే మీరు రాసింది వ్యాసం, కాబట్టి మళ్ళీ ఆ ఇద్దరి దగ్గరికే వెళ్ళి, ఒకరు మరొకరి దగ్గర దాచిన విషయమేమిటో వెతకండి.