ఈకల పొడి పెట్టినా మేక ఒళ్లు పట్టడం లేదా? ముందు సంచి విప్పి చూడండి

నూనెగింజల చెక్క ధర భరించలేక దాణాలో కోళ్ల ఈకల పొడి కలుపుతున్నవాళ్ల ఫిర్యాదు ఒక్కటే: మేక తింటోంది, కడుపు నిండుగా ఉంది, వెన్ను తడిమితే ఎముకలు గుచ్చుకుంటున్నాయి. అందరూ నట్టల మందు రెండుసార్లు తాగించే ఉంటారు. సంచిలో ఏముందో చూశారా అంటే మాత్రం జవాబుండదు.

దాణా ముట్టకపోతే

వాసన కొత్త. కొద్దికొద్దిగా కలుపుతూ రెండు వారాల్లో అలవాటు చేయండి. కుళ్లు వాసనొస్తే పారేయండి. సంచి మీద 'మాంసం ఎముకల పొడి' అని ఉన్నా, అసలేమీ రాసి లేకపోయినా మేకలకు వద్దు. గొడ్డు, పంది కబేళాల మాంసం, ఎముక, రక్తం పొడులు పాలిచ్చే, మాంసమిచ్చే పశువులకు పెట్టకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. మినహాయింపు కోళ్లకు, పందులకు, చేపలకే.

తిన్నా బరువు పెరగకపోతే

అసలు తిరకాసు ఇక్కడే. ల్యాబ్ రిపోర్టులో ప్రొటీన్ 80 శాతం దాకా ఉంటుంది. అది అబద్ధం కాదు. ల్యాబ్ కొలిచేది నత్రజనిని, దాన్ని 6.25తో హెచ్చవేసి ప్రొటీన్ అంటారు. పచ్చి ఈకకైనా అంతే వస్తుంది. కానీ ఈకలో ఉండేది కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్. ఒత్తిడిలో ఆవిరి మీద ఉడికిస్తేగానీ దాని గంధకపు బంధాలు తెగవు. ఈకలు ఎండబెట్టి మర ఆడించిన సరుకైతే తిన్నది తిన్నట్టే పెంటికల్లో పోతుంది.

గుప్పెడు పొడి తెల్ల కాగితం మీద పరచండి. సరిగ్గా ఉడికింది గోధుమరంగులో ఉండి, వేళ్లతో నలిపితే పొడవుతుంది. పీచులు, నూగు కనిపిస్తే ఉడకలేదు. నల్లబడి మాడు వాసనొస్తే మరీ ఎక్కువ ఉడికింది, అదీ సరిగా అరగదు. కంటికి తేలకపోతే 'పెప్సిన్ డైజెస్టిబిలిటీ' (ప్రొటీన్‌లో ఎంత అరుగుతుందో చెప్పే పరీక్ష) రిపోర్టు అడగండి. 75 శాతానికి తగ్గితే వెనక్కి పంపండి. రిపోర్టు ఇవ్వనంటే కొనకండి.

సరుకు మంచిదే అయినా చెక్క మొత్తం తీసేస్తే మళ్లీ ఇదే కథ. ఈ ప్రొటీన్‌లో ఎక్కువ భాగం పెద్ద పొట్టలో విడిపోకుండా పేగుల్లోకి జారిపోతుంది. ఎండు మేతను అరిగించే సూక్ష్మజీవులుండేది పెద్ద పొట్టలో. వాటికి అక్కడే నత్రజని అందాలి. అందకపోతే మేత నిలవుండి కడుపు నిండినట్టు కనిపిస్తుంది. పైగా ఈకల్లో లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. అందుకే చెక్కలో నాలుగో వంతుకు మించి మార్చొద్దంటాను. అవిశాకు దొరికితే అదీ వేయండి.

పారుకుంటే

ఒకటి రెండు రోజులు దాణా ఆపి ఎండు మేత, నీళ్లు ఇవ్వండి. రక్తం పడితే డాక్టరుకు చూపించండి.

ఉన్నట్టుండి చనిపోతే

దాణా హఠాత్తుగా మార్చారా? చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే జబ్బు) అనుమానించండి. మిగతా మందకు టీకా ఉందో లేదో చూసుకుని వెంటనే పశువైద్యుడిని పిలవండి.

జోన్స్ వ్యాధి (పేగులకు పట్టి మెల్లగా చిక్కిపోయేలా చేసే రోగం) వంటివి ఆఖరున చూడాలి. పైవన్నీ సరిచూశాక కూడా మేక చిక్కిపోతుంటే అప్పుడు పరీక్ష చేయించండి.