విక్టోరియా రూపాయి కొనే ముందు కాటా దగ్గర పెట్టుకోండి

నా దగ్గర పన్నెండు విక్టోరియా రూపాయలున్నాయి. పన్నెండింటి మీదా రాణి చెవి కింద, సరిగ్గా ఒకే చోట, ఆవగింజలో సగం ఉండే చిన్న గుంట ఉంది. కొన్న రోజు ఆ గుంట నా కంట పడలేదు. పడి ఉంటే పదమూడు వేల రెండొందలు మిగిలేవి.

ఆదోనిలో నాది చిన్న స్టేషనరీ షాపు. పాత నాణేలు పోగు చేయడం ఇరవై ఏళ్ల అలవాటు. ఆ రూపాయలు తెచ్చినాయన, "పత్తికొండ దగ్గర ఇంటికి పునాది తీస్తుంటే కుండ దొరికిందప్పా, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. మన వైపు ఈ మాటకు బలం ఎక్కువ. వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతారు. భూమిలో ఏదో ఒకటి దొరుకుతుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం. నేను నాణెం చూడలేదు, కుండ కథ విన్నాను. ఒక్కోటి పదకొండు వందల చొప్పున అన్నీ తీసేసుకున్నాను.

మర్నాడు మా వీధి ఆచారి ఒకదాన్ని కాటాలో వేసి, "ఇది రూపాయెత్తు లేదు నాయనా" అన్నాడు. 9.8 గ్రాములు చూపించింది.

మీరు మొదలుపెట్టాల్సింది అక్కడే. బ్రిటిష్ వెండి రూపాయి అంటే సరిగ్గా పాతకాలం తులం, 11.66 గ్రాములు. అందుకే మన పెద్దలు రూపాయినే తూకపు రాయిగా వాడేవాళ్లు. చేతులు మారి అరిగిన రూపాయి కొంచెం తగ్గొచ్చు, 11.4 ఉన్నా నేను కంగారుపడను. బొమ్మ, అక్షరాలు నిన్ననే అచ్చు వేసినట్టు ఉండి బరువు మాత్రం పది గ్రాములుంటే ఇక మాట్లాడాల్సిన పని లేదు. 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి, జేబులో పడుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములే, అందులో వెండీ తక్కువే. దాన్ని బ్రిటిష్ లెక్కతో తూచి మంచి నాణేన్ని వదులుకోవద్దు.

బరువు సరిపోయేలా మందం పెంచి పోసినవీ వస్తాయి. వాటిని పట్టుకునేది నీళ్లు. కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారానికి కట్టి పూర్తిగా మునిగేలా దించండి. అడుగుకు, గోడకు తగలనివ్వకండి, గాలి బుడగలు అంటుకుని ఉంటే కదిపి వదిలించండి. ఇప్పుడు కాటా చూపే అంకెతో నాణెం అసలు బరువును భాగించండి. విక్టోరియా రూపాయిలో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి, మిగిలింది రాగి. కాబట్టి 10.3 దగ్గర రావాలి. అంటే 11.66 గ్రాముల నాణేనికి నీళ్లలో 1.13 చూపిస్తుంది. నా పన్నెండింటికీ 8.7 వచ్చింది. అది జర్మన్ సిల్వర్ లెక్క. పేరులో సిల్వర్ ఉంది గానీ రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, వెండి చుక్క కూడా ఉండదు. అరిగిన నాణేనికైనా ఈ లెక్క మారదు, అందుకే దీని మీద నాకంత నమ్మకం. ఒక్క సంగతి: 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయల్లో సగమే వెండి. వాటికి 10.3 రాలేదని నకిలీ అనకండి.

ఆ రాత్రి షాపు మూసి పన్నెండింటినీ వరసగా పేర్చి భూతద్దం పెట్టాను. అప్పుడు కనబడింది ఆ గుంట. ఒక అసలు నాణేన్ని అచ్చు తీసి పోత పోస్తే, దాని మీదున్న దెబ్బ కూడా ప్రతి నకలుకూ వస్తుంది. వందేళ్లు వేర్వేరు చేతుల్లో తిరిగిన రూపాయలకు ఒకే చోట ఒకే దెబ్బ తగలదు. ఇంకోటి, పన్నెండూ 1885వే. ఎవరైనా ఏళ్ల తరబడి దాచిన కుండలో నాలుగైదు రకాల సంవత్సరాలు కలిసి ఉండాలి కదా! అందుకే ఒక్క నాణెం చూపిస్తే ఇంకోటి అడగండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అంచు కూడా తిప్పి చూడండి, గీతల మధ్య అతుకులాంటి సన్నని గీత చుట్టూ కనబడితే అది పోత పోసిందే.

ఏడాది, రాణి బిరుదు కుదరాలి. 1877 నుంచే రూపాయి మీద విక్టోరియా ఎంప్రెస్, అంతకు ముందు క్వీన్. 1862 వేసి ఎంప్రెస్ అని ఉంటే వదిలేయండి. 1939 రూపాయి చాలా అరుదు కాబట్టి చివరి అంకె దిద్దిందేమో భూతద్దంతో చూడనిదే డబ్బు తీయకండి. ఇక రాముడి పట్టాభిషేకం బొమ్మతో, 1818 అని, ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో లక్షలు చెప్పే బిళ్లలు కంపెనీ ఎప్పుడూ ముద్రించలేదు. పాత నాణెం కొంటామంటూ ముందు కమీషనో పన్నో కట్టమని రిజర్వు బ్యాంకు పేరుతో ఫోన్ వస్తే పెట్టేయండి. ఆ బ్యాంకే 2021లో ఇలాంటి వాటి గురించి జనాన్ని హెచ్చరించింది.

కుండ కథ నిజమే అయినా కొనకూడదని నాకు తర్వాత తెలిసింది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాటకే నేను లేచి రావాల్సింది.

మన ఊళ్ల నాణేల విషయంలో ఇంకా జాగ్రత్త. మొఘలుల నాణేల మీద ఇమ్తియాజ్‌గఢ్ అని ఉంటే అది మా ఆదోని. టిప్పు ఏనుగు పైసల మీద ఫైజ్ హిసార్ అని ఉంటే అది గుత్తి. ఇవి సుత్తితో కొట్టిన నాణేలు. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, అక్షరాలు కొన్ని అంచు దాటి పోతాయి. రెండు పైసలు గుండ్రంగా, సమానంగా, ఒకేచోట విరిగిన అక్షరంతో కనబడితే నాకు ఆ పన్నెండు రూపాయలే గుర్తొస్తాయి.

ఆ పన్నెండింటినీ ఎవరికీ అమ్మలేదు. కవరు మీద 'నకిలీ' అని రాసి కాటా డబ్బాలోనే పెట్టాను. షాపుకొచ్చే పిల్లలెవరైనా నాణేలు పోగు చేస్తున్నామంటే ముందు రెండు తీసి చేతిలో పెట్టి, తేడా వెతకమంటాను.