ఇంట్లో పాటలు చేసుకోవడానికి డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా? డబ్బు కట్టే ముందు ఇలా తేల్చుకోండి

నెలకు ఒకరిద్దరైనా ఫోన్ చేస్తారు. "అన్నా, పాటలు చేసుకోవడానికి యాభై వేలలో మంచి ల్యాప్‌టాప్ చెప్పు." డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా అన్న ప్రశ్నే ఉండదు. అది ముందే తేల్చేసుకుని ఉంటారు. నేను నాలుగు సంగతులు అడిగేలోపు "షాపులో ఒకటి చూపించారు, తీసేసుకున్నా" అంటారు. ఇంకో నెలకి మళ్లీ ఫోన్: "పాడుతుంటే హెడ్‌ఫోన్‌లో పటపటమంటోంది, ఏం చేయమంటావ్?" అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. అందుకే వరసగా రాసి పెడుతున్నాను. కీబోర్డు ప్రోగ్రామింగ్, గొంతు రికార్డింగ్, మిక్సింగ్ అన్నీ ఒకే గదిలో చేసుకునేవాళ్ల కోసం ఇది. నాదీ అదే బతుకు.

1. అది గడప దాటుతుందా?

కీబోర్డుతో పాటు చర్చికో, భజన మందిరానికో, పాడేవాళ్ల ఊరికో నెలకు నాలుగుసార్లన్నా మోసుకెళ్తారా? అయితే ల్యాప్‌టాప్. హాస్టల్లో ఉన్నా, ఏడాదికోసారి అద్దె గది మారుతున్నా ల్యాప్‌టాపే. ఈ రెండూ కాకపోతే డెస్క్‌టాప్. అంటే మనం వాడుకలో 'సిస్టమ్' అంటామే, అది పెట్టించుకోండి. "ఎప్పుడైనా అవసరం పడొచ్చు కదా" అనేది కారణం కాదు. అలా అనుకుని కొన్నవి చాలా చూశాను. నాలుగేళ్లుగా అదే టేబుల్ మీద, ఛార్జర్ పీకకుండా, బ్యాటరీ ఉబ్బిపోయి పడున్నాయి.

ల్యాప్‌టాప్ తరఫున నేను ఒప్పుకునే వాదన కరెంటు ఒక్కటే. మంచి టేక్ పడుతుండగా కరెంటు పోయిందంటే ఆ బాధ పగవాడికి కూడా వద్దు. సిస్టమ్ కొనేవాళ్లు 600 వీఏ యూపీఎస్ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి. ఫైలు సేవ్ చేసి మూసేంత టైమ్ ఇస్తే చాలు, అంతకంటే ఆశించొద్దు. దాన్ని మైక్‌కీ మైక్ వైర్లకీ దూరంగా పెట్టండి. కొన్ని యూపీఎస్‌లు వాటంతట అవే గుయ్‌మంటాయి.

2. లోపల ఏముండాలి

ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. 8 జీబీతోనూ బండి నడుస్తుంది, కానీ వీణ, వయొలిన్ల పెద్ద శాంపిల్ లైబ్రరీలు (అసలు వాయిద్యాల స్వరాలు రికార్డు చేసి పెట్టిన మూటలు) రెండు తెరిచేసరికి మూలుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు వద్దు. "మ్యూజిక్ అంటే హెవీ సాఫ్ట్‌వేర్ కదా సార్" అని గేమింగ్ ల్యాప్‌టాప్ అంటగడతారు. పాటకి దానితో పనే లేదు. దాని వేడికి ఫ్యాను హోరెత్తుతుంది, కొన్నిసార్లు దాని డ్రైవరే (ఆ భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము) ఆడియోకి అడ్డం పడుతుంది.

ప్రాసెసర్ పేరు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ల్యాప్‌టాప్ మీద ఐ7 స్టిక్కర్ చూసి మురిసిపోతారు. ఉదాహరణకు ఐ7-1255యూ తీసుకోండి. అది తీసుకునే కరెంటు లెక్క 15 వాట్లు, అందులో పెద్ద కోర్లు (అసలు పని చేసే భాగాలు) రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. అదే తరం డెస్క్‌టాప్ ఐ5-12400 లెక్క 65 వాట్లు, పెద్ద కోర్లు ఆరు. పేరులో ఐ5 ఉన్నదే పాట పనిలో ముందుంటుంది. పేరు పక్కన పెద్ద చదువు ఉన్నంత మాత్రాన తెలివి ఎక్కువుండదు కదా, ఇదీ అంతే.

డబ్బు తక్కువైతే ఆఫీసుల నుంచి తీసేసిన సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు చూడండి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఇంటెల్ అయితే 8వ తరానికి తగ్గొద్దు. అంతకంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి సపోర్టేమో 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

మ్యాక్ సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే ఎలాగూ అడుగుతారు. 2020లో ఎం1 చిప్‌తో వచ్చిన దగ్గర్నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. పాటలు చేసుకునే గ్యారేజ్‌బ్యాండ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇంట్లోనే ఉంచుకునేవాళ్లకి మ్యాక్ మినీ ఇంకా నయం. కానీ వీటిలో ర్యామ్ తర్వాత పెంచుకోలేం. నేను విండోస్ మనిషిని. చెడిపోతే మా వీధి చివర కుర్రాడు విప్పి బాగుచేయగలగాలి, అదీ నా లెక్క.

3. గదిలో చప్పుడు

మన ఇళ్లలో రికార్డింగ్ అంటే మొదట చేసేది సీలింగ్ ఫ్యాన్ ఆపడం. ఏసీ ఉంటే అదీ ఆపాలి. మే నెలలో పది నిమిషాలకే గది రెంటచింతల అయిపోతుంది. మనకి చెమట పడితే తుడుచుకుంటాం. ల్యాప్‌టాప్ ఏం చేస్తుంది? దాని బుల్లి ఫ్యాను విమానంలా లేస్తుంది. సరిగ్గా గాయని నెమ్మదిగా ఆలాపన ఎత్తుకున్నప్పుడే. సన్నటి చప్పుడు కూడా పట్టేసే కండెన్సర్ మైక్‌కి ఆ హోరంతా వినిపిస్తుంది. తర్వాత నాయిస్ తీసేసే ప్లగిన్ పెడితే హోరుతో పాటు గొంతులో ఉన్న ఊపిరీ పోతుంది.

సిస్టమ్ అయితే మన ముందు మానిటర్ ఒక్కటే ఉంటుంది. చాలామంది సీపీయూ అని పిలిచే ఆ డబ్బాని టేబుల్ కిందికో, తలుపు అవతలికో తోసేయొచ్చు. మైక్, హెడ్‌ఫోన్ గుచ్చుకునే బయటి డబ్బా ఉంటుందే, సౌండ్ కార్డు అంటాం, దాన్ని కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్ల దాకా పనిచేస్తుంది, మామూలు ఇంటి గదికి అది చాలు. ల్యాప్‌టాప్ అలా కాదు, తెర ఎక్కడుంటే ఫ్యానూ అక్కడే. అదే తప్పనిసరైతే మైక్ వీపు ల్యాప్‌టాప్ వైపు ఉండేలా నిలబెట్టండి. ఇళ్లలో వాడే కార్డియాయిడ్ మైకులు వెనకవైపు తక్కువ వింటాయి. నాకు డెస్క్‌టాప్ ఇష్టం అంటే సగం కారణం ఇదే.

4. డబ్బు కట్టే ముందు పరీక్ష

ఇక్కడే అందరూ జారిపడేది. దయచేసి ఇది మాత్రం నిదానంగా చదవండి.

ముందు ఆ పటపట ఎందుకొస్తుందో తెలియాలి. కంప్యూటర్ శబ్దాన్ని ధారలా పంపదు, గిన్నెలు గిన్నెలుగా పంపుతుంది. ఆ గిన్నె సైజే బఫర్. పెళ్లి భోజనాల్లో సాంబారు వడ్డన గుర్తు తెచ్చుకోండి. గిన్నె చిన్నదైతే విస్తరి ముందుకి వెంటనే వస్తుంది, కానీ వడ్డించేవాడు వంటశాలకి మాటిమాటికీ పరిగెత్తాలి. దారిలో ఎవరో పెద్దాయన ఆపి "ఏరా, మీ నాన్న బాగున్నాడా" అని పలకరించాడనుకోండి, ఇక్కడ విస్తరిలో అన్నం ఎండిపోతుంది. మన చెవికి వినిపించే టప్ అనే చప్పుడు ఆ ఖాళీ విస్తరే. పెద్ద గిన్నె పెడితే విస్తరి ఎండదు గానీ సాంబారు రావడం ఆలస్యమవుతుంది.

కంప్యూటర్ శబ్దాన్ని శాంపిళ్లు అనే చిన్న చిన్న ముక్కలుగా కొలుస్తుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు. 1024 అంటే 23. గొంతు లోపలికి వెళ్లేటప్పుడొకసారి, హెడ్‌ఫోన్‌కి వచ్చేటప్పుడొకసారి ఈ ఆలస్యం కలుస్తుంది, దాని మీద సౌండ్ కార్డు తీసుకునేది కొంత. మొత్తం పది మిల్లీసెకన్లు దాటితే పాడేవాళ్లు తాళం వెనక్కి లాగడం మొదలుపెడతారు, ఎందుకో వాళ్లకే తెలియదు. కాబట్టి 128 దగ్గర చప్పుడు రాకుండా నడవాలి. ప్రాసెసర్ ఎంత పెద్దదైనా, దారిలో ఆపే పెద్దాయన ఉంటే నడవదు. ఆ పెద్దాయన చాలాసార్లు వైఫై డ్రైవరు, లేదంటే బ్యాటరీని చూసుకునే ఏసీపీఐ అనే భాగం. డబ్బా మీద రాసే స్పెసిఫికేషన్లలో ఈ సంగతి ఎక్కడా ఉండదు. అందుకే పరీక్ష చేయాలి.

ఒక పెన్‌డ్రైవ్‌లో మూడు వేసుకుని షాపుకి వెళ్లండి: ఏ డ్రైవరు ఎంతసేపు దారి ఆపుతోందో చూపించే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాము, పాటలు రికార్డు చేసే రీపర్ సాఫ్ట్‌వేర్, మీ సౌండ్ కార్డు డ్రైవరు. రీపర్‌ని 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. సౌండ్ కార్డు, హెడ్‌ఫోన్ కూడా సంచిలో పెట్టుకోండి. సౌండ్ కార్డు ఇంకా కొనలేదా? అయితే ముందు అది కొనండి, కంప్యూటర్ తర్వాత. సౌండ్ కార్డు కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవరుతోనే (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవరు) పరీక్షించాలి. ల్యాప్‌టాప్ సొంత హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టి, ఏసియో ఫర్ ఆల్ అనే ఏ సౌండ్‌కైనా పనిచేసే డ్రైవరు వేసి "బానే ఉంది" అనుకుంటే అది పరీక్ష కాదు.

లేటెన్సీమాన్ ఆన్ చేసి పది నిమిషాలు వదిలేయండి. రెండు నిమిషాలకి పచ్చగా కనిపించగానే లేవొద్దు. మా బంధువు ల్యాప్‌టాప్ ఏడో నిమిషం దాకా నిమ్మకు నీరెత్తినట్టుంది, తర్వాత ఒక్కసారిగా ఎర్రబడింది. డ్రైవర్ల పట్టీలో పైన ఎవరున్నారో చూడండి. అది ఆపే సమయం 500 మైక్రోసెకన్ల లోపుంటే హాయి. 1000 దాటితే నేనైతే లేచి వచ్చేస్తాను. ఇది నాలుగు రకాలుగా చేయాలి: ఛార్జర్ పెట్టి, తీసేసి, వైఫై ఉంచి, ఆపేసి. వైఫై ఆపగానే సర్దుకుంటే ఆ ల్యాప్‌టాప్ కొనొచ్చు, రికార్డింగప్పుడు ఆపుకుంటే సరి. ఛార్జర్ తీయగానే కుదేలైతే, బయట కరెంటు లేని చోట రికార్డింగ్ చేయాలనే ఆశ వదులుకోవాలి. నాలుగు రకాల్లోనూ ఎరుపే అయితే ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు.

తర్వాత రీపర్‌లో బఫర్ 128 పెట్టి, ఇరవై ట్రాకులు, ప్రతిదాని మీదా ఒక రివర్బ్ (గొంతు పెద్ద హాల్లో మోగినట్టు చేసేది) వేసి, హెడ్‌ఫోన్‌తో వినండి. షాపులో ఏసీ ఉంటుందని మర్చిపోకండి, అక్కడ చల్లగా నడిచినది మీ గదిలో వేడెక్కి మందగించొచ్చు. అందుకని అరగంటైనా కూర్చోండి. షాపువాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఈ పని చేయనందుకు నేనే దెబ్బతిన్నాను. చాలా ఏళ్ల కిందట కొన్న ఒక ల్యాప్‌టాప్‌లో పదిహేను సెకన్లకోసారి సన్నటి టిక్ వచ్చేది. పాడేవాళ్ల పెదాల చప్పుడనుకున్నాను. కేబుల్ మార్చాను, మైక్ మార్చాను, రెండు రోజులు పోయాయి, ఒక పాట పోయింది. చివరికి చూస్తే ఆ ల్యాప్‌టాప్ తన బ్యాటరీలో ఎంత మిగిలిందో తానే చూసుకుంటోంది! డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ భాగాన్ని డిసేబుల్ చేస్తే ఆగింది. అప్పట్నుంచి బ్యాటరీ ఎంతుందో దానికీ తెలియదు, నాకూ తెలియదు.

ఇంకొకటి, గుయ్‌మనే హమ్. ఛార్జర్ పెడితే వచ్చి, తీస్తే పోతే అది అడాప్టరు, ఎర్తింగ్ గొడవ. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దానికి వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (బయటి గుయ్‌మనే చప్పుడు లోపలికి రాకుండా ఆపేవి) వాడండి. హమ్ పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లని చూశాను. ఆ పని చేయొద్దు, తడి చేత్తో మైక్ పట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.

పెట్టె విప్పనివ్వకపోతే అదే మోడల్ డెమో పీస్ అడగండి. అదీ లేదంటే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే వచ్చిన రోజే పరీక్ష చేయండి, వాపసు గడువు అయ్యాక కాదు. అసెంబుల్డ్ సిస్టమ్‌కి ఇంత టెన్షన్ ఉండదు. అక్కడ వైఫై కార్డు అడ్డొస్తే పీకి పక్కన పెడతాం, ఇంటర్నెట్‌కి వైరు లాగుతాం. ల్యాప్‌టాప్‌లో ఏది అడ్డొచ్చినా దానితోనే కాపురం.

ఇప్పటికే ల్యాప్‌టాప్ కొనేసి ఇది చదువుతున్నవాళ్లు తల పట్టుకోవద్దు. ఛార్జర్ పెట్టి ఉంచండి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చండి, వైఫై, బ్లూటూత్ ఆపండి. అప్పటికీ 128 దగ్గర పటపటమంటే సౌండ్ కార్డు మీద డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కి పాడించండి. గొంతు కంప్యూటర్ లోపలికి వెళ్లి తిరిగి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది. అప్పుడు బఫర్ ఎంతున్నా పాడేవాళ్లకి తేడా తెలియదు. కాకపోతే రివర్బ్ లేకుండా తన గొంతు తాను వినాలి. మొదటి రోజు ముఖం మాడ్చుకుంటారు.