పాత నాణెం పాడైందా? మచ్చను బట్టి కారణం పట్టుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో పాత నాణేలు ఎక్కువగా ఉండేది పూజగదిలోనే. వాటికి పట్టే తెగుళ్లు కూడా చాలావరకు అక్కడివే. ఏ మచ్చ కనబడినా చటుక్కున తోమేయకండి. అది ఎందుకొచ్చిందో తెలిశాకే చెయ్యి పెట్టాలి.

సమస్య: రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి. తుడిస్తే పోతుంది, వానలు పడగానే మళ్లీ వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. చాలాసార్లు కారణం ఉప్పు. వరలక్ష్మీ వ్రతానికి ముందు రాగి, ఇత్తడి సామానంతా చింతపండు, ఉప్పు వేసి తోముతాం. కలశంలో వేసే నాణేలూ అందులోనే పడతాయి. చింతపండు పులుపు రాగి మీదున్న ముదురు పొరను కరిగించేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మాత్రం అక్షరాల సందుల్లో దాక్కుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. గాలిలో తేమ తగలగానే ఆ క్లోరైడ్ రాగిని తినడం మొదలుపెడుతుంది.

1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా ఇలా తెగులు పట్టిందనుకోండి. భూతద్దం పెట్టి టూత్‌పిక్ మొనతో తాకితే పొడి రాలి, దాని కింద చిన్న గుంట కనబడుతుంది. మామూలు చిలుము అలా రాలదు. గట్టిగా, ముదురు పచ్చగా అంటుకుని ఉంటుంది, పెరగదు. దాని జోలికి వెళ్లొద్దు.

పరిష్కారానికి ఓపిక కావాలి. ముందు ఆ నాణేన్ని వేరుగా పెట్టండి. గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి, నాణేన్ని ముంచి, రోజూ నీళ్లు మార్చండి. వారాలు పడుతుంది. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు, వాటిలోనూ క్లోరైడ్ ఉంటుంది. తర్వాత ఇట్టే ఆవిరైపోయే ద్రావకమైన అసిటోన్‌లో ఒకసారి ముంచి ఆరబెడితే లోపలి తడి పోతుంది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో గాలి చొరబడని డబ్బాలో పెట్టి, వానాకాలంలో అప్పుడప్పుడు తీసి చూడండి. గుంటలు పూడవు, కానీ కొత్తవి పడకుండా ఆగుతాయి.

సమస్య: పసుపు, కుంకుమ పట్టేసింది.

పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, అసిటోన్‌లో కరుగుతుంది. నానబెట్టండి, రుద్దకండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొద్దు, అందులో నూనె, సెంటు కలుస్తాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దీపానికి దూరంగా, కిటికీ తీసి చేసుకోండి.

ఆల్బమ్‌లోంచి తీసిన నాణెం ఆకుపచ్చగా జిగటగా ఉంటే తప్పు పీవీసీ అనే మెత్తటి ప్లాస్టిక్ కవర్లది. దానికీ అసిటోనే మందు. కవర్లు మాత్రం పీవీసీ కలవని ప్లాస్టిక్ రకమైన మైలార్‌వి కొనండి.

సమస్య: వెండి రూపాయి నల్లబడింది.

గాలిలోని గంధకం చేసే పని అది. రబ్బరు బ్యాండు, అట్టపెట్టె పక్కనుంటే ఇంకా త్వరగా నల్లబడుతుంది. వాటిని తీసేయండి, నలుపును మాత్రం ఉంచండి. సమంగా పరుచుకున్న ఆ పొర సేకరణ చేసేవాళ్లకు నచ్చుతుంది.

సమస్య: తళతళా మెరుస్తోంది, అయినా గ్రేడ్ రాలేదు.

నాణెం ఎంత బాగుందో అంకెలో చెప్పే షెల్డన్ స్కేలు 1 నుంచి 70 దాకా ఉంటుంది. తోమిన నాణేనికి ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని రాస్తాయి. ఒకే బల్బు కింద పట్టి మెల్లగా వంచి చూడండి. ముద్ర పడినప్పటి మెరుపైతే గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతుంది. తోమిన మెరుపైతే కదలదు, సన్నటి గీతలు ఒకే వాలుగా బయటపడతాయి. దీనికి మందు లేదు. అంచులో ఒకచోట నున్నగా ఉంటే, దండకు కొక్కెం అతికించి తర్వాత ఊడదీశారన్నమాట. అదీ బాగుపడదు.

అరిగినట్టు కనబడేదంతా అరుగుదల కాదు. 1911 రూపాయిలో ఐదో జార్జి వస్త్రం మీది ఏనుగు పందిలా ఉంటుంది. అచ్చే అంత, 1912లో సరిదిద్దారు. విజయనగర కాసుల మీద బొమ్మ సగమే ఉంటే, ముద్ర కొట్టిన లోహపు బిళ్ల అచ్చుకన్నా చిన్నదని అర్థం. చేత్తో కొట్టిన నాణేల్లో అది మామూలే. చంద్రగిరిలో కొలువుదీరిన విజయనగర రాజు రెండో వేంకటపతి రాయల బంగారు వరహా మీద మన వెంకన్న నిలబడి ఉంటాడు. అలాంటిది చేతికొస్తే బొమ్మ అంచు తెగిందని దిగులు పడాల్సిన పని లేదు.

సమస్య: అసలుదో కాదో అనుమానం.

విక్టోరియా వెండి రూపాయి తూకం 11.66 గ్రాములు, అరిగితే కొద్దిగా తగ్గుతుంది. అయస్కాంతానికి అతుక్కుంటే వెండి కాదు. కానీ 1947 రూపాయి అతుక్కుంటే టెన్షన్ పడకండి, అది నికెల్. అంచు చుట్టూ అతుకు గీత ఉంటే పోతపోసిన నకిలీ.

పొలంలోనో పునాదిలోనో దొరికిన నాణేలైతే పై చికిత్సలేవీ చేయకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. కడగకుండా, అంటిన మట్టితోనే అప్పగించండి.